యుద్ధములో పెరిగిన బిడ్డల మనోబలము: అందు వంశమున కెంత పాలు?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



ఈ యుత్సవమున పరీక్షిన్మహారాజు చరిత్రమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. పురాణము చెప్పుట నాకు అలవాటైన పనియే కనుక సరే యంటిని. కాని సిద్ధపడుటకు కూర్చున్నపుడు నా యాలోచన వేరొక త్రోవను పట్టినది. పరీక్షిత్తు ఎవరు? యుద్ధము ముగిసిన పిమ్మట, తల్లి గర్భమునందుండగనే, అస్త్రము తగిలిన బిడ్డ. యుద్ధము సోకిన బిడ్డలు నేడును ఈ భూమిపై కోట్లకొలది గలరు. వారిలో కొందరు తేరుకొందురు. కొందరు ముసలితనము వచ్చినను తేరుకొనలేరు. ఈ భేదము పుట్టుకతో వచ్చినదా, పెంపకముతో వచ్చినదా అను విషయముపై ఇటీవలి జన్యుశాస్త్ర పరిశోధనలు ఏమి చెప్పుచున్నవో, నాకు తెలిసినంత మేరకు మనవి చేసెదను. నేను వైద్యుడను కాను, లెక్కలు వ్రాసికొనువాడను. ఐనను ఇది నాకు లెక్కల ప్రశ్నగనే తోచినది. మనిషి ధైర్యము అను నిలువలో పూర్వుల ఖాతానుండి వచ్చిన దెంత, ఈ జన్మమున జమయైన దెంత?

ఈ ప్రశ్న నాకు మొదట పుస్తకములో దొరకలేదు. మా యింటిలోనే దొరకినది. మా అమ్మమ్మయు ఆమె తమ్ముడును రంగూనులో పుట్టిరి. ఆయనను మేము చిన్నతాత యని పిలిచెడివారము. మన తీరపు గ్రామములనుండి వేలకొలది కుటుంబములు బియ్యపు మిల్లులలోను, ఓడరేవులలోను కూలికై బర్మా పోయిన సంగతి మీలో పెద్దలు ఎరిగినదే. 1941 డిసెంబరు 23వ తేదీన జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసినవి. 1942 మార్చిలో నగరము వారి వశమైనది. ఆ నెలలలో లక్షలకొలది భారతీయులు కాలినడకను స్వదేశమునకు బయలుదేరిరి. మావారు ప్రోము పట్టణమునుండి అరకాను కొండలు దాటి టౌంగపు రేవునకు చేరు త్రోవను వచ్చిరి. ఆ త్రోవలో చాలచోట్ల నీరు లేదు. నీరున్నచోట కలరా ఉన్నది. అమ్మమ్మకు అప్పుడు తొమ్మిదేండ్లు, చిన్నతాతకు ఆరు.

ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే త్రోవ. ఐనను అమ్మమ్మ ఎనుబదియేండ్లు దాటువరకు నవ్వుచు, పదిమందిని నవ్వించుచు బ్రతికినది. ఆ నడకను గూర్చి అడిగిన పిల్లలకు కథవలె చెప్పెడిది. చిన్నతాత మాత్రము విమానపు చప్పుడు వినబడినచో చేతిలోని పని విడిచి గోడవార ముడుచుకొని కూర్చుండెడివాడు. దీపావళినాడు ఊరు విడిచి పొలములోని పాకలో ఒంటరిగా గడపెడివాడు. ఊరివారు దీనికంతకును ఒక్క మాటలో కారణము చెప్పిరి: "వాడి పుట్టుకే పిరికి పుట్టుక." ఆ మాట అక్కడితో ఆగినను బాగుండెడిది. ఆయన కుమార్తెకు సంబంధములు చూచునపుడు రెండు చోట్ల "ఆ రక్తంలో పిచ్చి ఉందట" అని వెనుకకు తగ్గిరి. ఆ పిల్ల రంగూనును ఎన్నడును చూడలేదు, బాంబు చప్పుడు విననైన వినలేదు. తండ్రి బాధ ఆమె పేర పద్దు వ్రాయబడినది.

కనుక "పుట్టుక" అను మాటను కొంత పరీక్షింపవలసియున్నది. పరీక్షించుట అనగానే మరల మన రాజు జ్ఞప్తికి వచ్చును. ఆ పేరునకు పెద్దలు రెండు విధములుగా అర్థము చెప్పిరి. వంశము పరిక్షీణమైన వేళ పుట్టినవాడు కనుక పరీక్షిత్తు అని భారతము. గర్భమున తన్ను కాపాడిన పురుషుడు వీరిలో ఎవ్వడో యని కనబడిన ప్రతివానిని పరీక్షించి చూచినవాడు కనుక పరీక్షిత్తు అని భాగవతము. మొదటి యర్థము వంశమునకు కలిగిన గాయమును చెప్పును. రెండవది ఆ బిడ్డ మనస్సును చెప్పును: తన్ను కాపాడినవానికై వెదకుట. ఇందువలన మన ఋషులకు జన్యుశాస్త్రము తెలియునని నేననుట లేదు. పుష్పకమును చూపి విమానశాస్త్రము మనదే యని చెప్పువారి పంక్తిలో కూర్చుండుటకు నాకు ఇష్టము లేదు. యుద్ధము సోకిన బిడ్డ కథను రెండు వైపులనుండి చూడవలెనని వారికి తోచినది. నాకు అంతే చాలును.

ఇక శాస్త్రమునకు వత్తము. మన శరీరమందలి ప్రతి కణములోను తల్లినుండి 23, తండ్రినుండి 23, వెరసి 46 క్రోమోజోములు ఉండును. వీనిలో ఇంచుమించు ఇరువదివేల జన్యువులు కలవు. తోబుట్టువులకు ఒకే రక్తమని మనము లోకరీతిగా అందుము గాని, ఆ మాట సరికాదు. అక్కకు తండ్రినుండి వచ్చిన భాగము తమ్మునికి రాకపోవచ్చును. పంపకములో సగటున సగము మాత్రమే ఇద్దరికిని ఉమ్మడిగా పడును. ఒకే అండమునుండి పుట్టిన కవలలకు మాత్రమే పంపకమంతయు ఒకటి. ఈ భేదమును ఆధారము చేసికొని శాస్త్రజ్ఞులు లెక్క కట్టుదురు. ఒకే అండపు కవలలు, రెండండముల కవలల కంటె ఎక్కువగా ఒకరి నొకరు పోలినచో, ఆ హెచ్చునకు వంశము కారణమనుకొందురు.

వియత్నాము యుద్ధకాలమున అమెరికా సైన్యములో పనిచేసిన కవల సోదరులను ఈ రీతిగా పరిశీలించి 1993లో ఒక లెక్క ప్రకటించిరి. నాలుగువేల పైచిలుకు జతలు. యుద్ధానంతరము పీడించు కలలు, ఉలికిపాట్లు, తప్పుకొని తిరుగుట మొదలైన లక్షణములలో మనిషికిని మనిషికిని గల భేదమునకు వంశము కారణమగు పాలు లక్షణమును బట్టి 13 మొదలు 34 శాతము వరకు ఉండునని తేలినది. మూడవ వంతు అనుకొందము. వీరు సైనికులు, బిడ్డలు కారు. కాని లెక్క ఆరంభమగుటకు ఇది యుపకరించును.

ఈ మూడవ వంతు అను మాటను జాగ్రత్తగా పట్టుకొనవలెను. ఒకని భయమును మూడు కుప్పలు చేసి అందొక కుప్ప తాతలదని చెప్పుట కాదు. పొలమునకు గొలుసు పట్టినవారికి ఇది సులభముగా బోధపడును. నలుబది బారల పొడుగు, ముప్పది బారల వెడల్పు గల మడిలో, విస్తీర్ణమునకు పొడుగెంత కారణము, వెడల్పెంత కారణము అని అడిగినవానికి ఏమి చెప్పగలము? రెండింటిలో ఏ యొకటి సున్న యైనను మడియే లేదు. మనస్తత్వ శాస్త్రజ్ఞులును ఇట్టి పోలికనే చెప్పుదురట. పదిమడులను ప్రక్కప్రక్కన పెట్టి, వాని విస్తీర్ణములలోని తేడాలు ఎక్కువగా పొడుగు వలననా, వెడల్పు వలననా అని అడుగుట వేరు. దానికి సమాధానము కలదు. శాతము ఆ రెండవ ప్రశ్నకు వచ్చిన సమాధానము. ఊరిలో సంబంధములు తప్పించువారు దానిని మొదటి ప్రశ్నకు సమాధానముగా వాడుచున్నారు.

ఆ మూడవ వంతు ఏ జన్యువులో ఉన్నది? దీనికై గొప్ప అన్వేషణ జరిగినది. 1994లో రువాండా దేశమున వంద దినములలో లక్షలకొలది ప్రజలు చంపబడిరి. అందు ప్రాణములు దక్కించుకొని ఉగాండాలోని నకివాలె శరణార్థి స్థావరమునకు చేరిన నాలుగు వందల పైచిలుకు మందిని జర్మను పరిశోధకులు పరీక్షించి 2010లో ప్రకటించిరి. మెదడులోని కొన్ని రసాయనములను విరుగగొట్టు ఒక జన్యువు, దాని పేరు కామ్ట్, మనుష్యులలో రెండు రూపములుగా నుండును. చాలమందిలో, అనుభవించిన ఘోరముల సంఖ్య పెరిగిన కొలది మనోవ్యాధియు పెరిగినది. ఒక రూపమును తల్లివైపునుండియు తండ్రివైపునుండియు పొందినవారిలో మాత్రము ఘోరములు కొద్దివైనను వ్యాధి ఎక్కువగనే యుండెను. చూచితిరా, పుట్టుకయే కదా యని మీరనవచ్చును. కాని అదే పట్టికను రెండవ వైపునుండి చదువుడు. భారము మిక్కుటమైన చోట ఏ రూపము కలవారైనను కూలిరి. తాళునంతవరకే త్రాటికిని త్రాటికిని భేదము. మితిమీరిన బరువునకు ఏ త్రాడైనను తెగును.

ఒక్క జన్యువును పట్టుకొని వ్రాసిన ఇట్టి పత్రములలో పలువాని ఫలితములు ఇతరులు మరల చూచినపుడు నిలువలేదు. 2024లో పన్నెండు లక్షలకు పైబడిన మనుష్యుల జన్యువులను కలిపి చూచిన మహాపరిశోధనలో ఈ వ్యాధితో సంబంధము గల స్థానములు తొంబదియైదు కనబడినవి. ఒక్కొక్కదాని పాలు ఎంతయో స్వల్పము. "పిరికి జన్యువు" అనునది ఎక్కడను లేదు. చిల్లర పైసలుగా చెదరి యున్నదానిని నోటుగా చూపమనుట వలన ప్రయోజనము లేదు.

బిడ్డల విషయమునకు వత్తము. 2011లో సిరియా దేశమున కలహము పుట్టి యుద్ధమైనది. లక్షలకొలది ప్రజలు ప్రక్కనున్న జోర్డానునకు పారిపోయిరి. ఆ పిల్లలలో పండ్రెండు మొదలు పదునెనిమిదేండ్లవారిని కొందరు పరిశోధకులు కొంతకాలము వెంబడించి చూచిరి. అమెరికాలోని యేలు విశ్వవిద్యాలయపు మానవశాస్త్రజ్ఞురాలు కాథరీన్ పాంటర్ బ్రిక్, ఫ్లారిడా విశ్వవిద్యాలయపు కోనీ మల్లిగన్, జోర్డాను హాషిమైట్ విశ్వవిద్యాలయపు జీవశాస్త్రజ్ఞురాలు రనా దజానీ వీరిలో ముఖ్యులు. ఈ మూడవ పేరును జ్ఞాపకముంచుకొనుడు; మరల వచ్చును.

వీరు 2019లో ప్రకటించిన పత్రములో మావో-ఏ అను జన్యువును గూర్చి వ్రాసిరి. ఇది తల్లినుండి వచ్చు ఎక్స్ క్రోమోజోముపై నుండును గనుక మగపిల్లలకు ఒక్క ప్రతియే యుండును, లెక్క తేలిక. ఈ జన్యువు కొందరిలో చురుకుగా పనిచేయును, కొందరిలో మందముగా. మందమైన రూపమునకు వెనుక చెడ్డ పేరున్నది. న్యూజీలాండులోని డ్యునెడిన్ నగరమున బాల్యమున హింసింపబడిన మగపిల్లలలో ఈ రూపము కలవారు పెద్దయై దుండగములకు ఎక్కువగా దిగిరని 2002లో ఒక పత్రము వచ్చినది. పత్రికలవారు దీనికి "యోధ జన్యువు" అని పేరు పెట్టి ఊరేగించిరి. మరి జోర్డానులో తేలినదేమి? అదే మందమైన రూపము కలిగి, నాలుగు వైపుల అండదండలతో మనోబలము పెంపొందిన బాలురలో, కాలక్రమమున మనోవ్యాకులత తగ్గినది. ఒకచోట నేరస్థుని చేయునని పేరుపడినదే మరియొకచోట తేరుకొనుటకు తోడైనది.

ఇందులో వింత లేదు. తుమ్మచెట్టు ఎక్కడ వేసినను, నీరు పోసినను పోయకున్నను బ్రతుకును. తమలపాకు తీగె అట్లు కాదు. నీడ తగ్గిన మాడును, నీరు నిలిచిన కుళ్లును. కాని శ్రద్ధగా చూచుకొన్నవానికి దానివంటి పంట లేదు. బిడ్డలలోను ఈ రెండు తరగతుల స్వభావములు కలవనియు, సున్నితముగా పుట్టినవారు చెడ్డ పరిసరములలో అందరికంటె ఎక్కువగా చెడుదురు, మంచి పరిసరములలో అందరికంటె ఎక్కువగా బాగుపడుదురు అనియు నేటి శాస్త్రజ్ఞులలో పలువురి యభిప్రాయము. అటులైన చిన్నతాత తమలపాకు తీగె యేమో. తుమ్మచెట్లకు చేసిన సేద్యమును ఆయనకు చేసి, ఎండిపోయినాడని నిందించితిమేమో.

ఆ జోర్డాను పిల్లలలో కొందరికి ఎనిమిది వారములపాటు ఒక శిక్షణ జరిగినది. ఆటలు, బొమ్మలు, చేతిపనులు, నమ్మదగిన పెద్దవారితో స్నేహము. అంతకంటె మంత్రమేమియు లేదు. శరీరము భయమునందు స్రవించు కార్టిసాల్ అను హార్మోను వెంట్రుకలలో చేరును. వెంట్రుక నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగును గనుక, కొంచెము కత్తిరించి కొలిచినచో గడచిన మాసముల చిట్టా యంతయు దొరకును. లెక్కలవానికి ఇంతకంటె ముచ్చటైన దస్తావేజు లేదు! శిక్షణ పొందిన పిల్లలలో ఆ రసము మితిమీరి యున్నవారికి తగ్గినది, మరీ తక్కువై యున్నవారికి పెరిగినది. రెండు దిక్కులను నడిమికి జరిగినది. జన్యువులు మారలేదు, ఎనిమిది వారములలో అవి మారవు గదా.

ఇప్పుడు మిక్కిలి సున్నితమైన విషయము. తండ్రి బాధ కూతురి పేర పద్దు పడునా? 1982 ఫిబ్రవరిలో సిరియాలోని హమా పట్టణముపై ఆ దేశపు సైన్యమే పడి సంహారము చేసినది. చనిపోయినవారు పదివేలనుండి నలుబదివేల వరకని అంచనాలు. అప్పుడు గర్భవతులై యుండి బ్రతికి బయటపడిన స్త్రీలను, వారి కుమార్తెలను, మనుమలను, మూడు తరములను, ఈ పరిశోధకులే వెదకి పట్టుకొనిరి. 2011 తరువాతి యుద్ధమును చూచిన కుటుంబములను, 1980కి పూర్వమే దేశము విడిచి ఈ రెంటిని చూడని కుటుంబములను పోలిక కొరకు చేర్చుకొనిరి. వెరసి 48 కుటుంబములు. బుగ్గలోపలి కణములను దూదితో తీసి పరీక్షించిరి. ఫలితము 2025లో వెలువడినది.

దానిని చెప్పుటకు ముందు ఒక్క మాట. ఆడబిడ్డ తల్లి గర్భమునందుండగనే, ముందు తనకు పుట్టబోవు బిడ్డల అండములు ఆమెలో ఏర్పడును. కనుక గర్భవతి యొక్కతె భయపడినపుడు అక్కడ ఉన్నది మూడు తరములు. ఉత్తర గర్భమును గూర్చి చదివినపుడెల్ల ఇది నాకు తలపునకు వచ్చుచుండును.

వారు చూచినది జన్యువుల అక్షరములను కాదు, వానిపై పడు గుర్తులను. ఆవర్జాలో అంకెలు దిద్దబడవు. ప్రక్కన పెన్సిలుతో ఒక గుర్తు పెట్టబడును. ఆ గుర్తును చూచి గుమాస్తా ఆ పద్దును చదువును, లేదా దాటిపోవును. జన్యువులపై మిథైల్ అను చిన్న రసాయనము అంటుకొని ఇట్టి గుర్తగును. హింసను స్వయముగా చూచినవారిలో ఇట్టి భేదములు 21 చోట్ల కనబడినవి. హమాలో గర్భవతులైన వారి మనుమలలో, తాము ఆ హింసను చూడకపోయినను, 14 చోట్ల కనబడినవి. గర్భమునందుండగా హింస సోకినవారిలో గుర్తులనుబట్టి లెక్కించు వయస్సు, పుట్టిన తేదీని బట్టి లెక్కించు వయస్సు కంటె ముందుకు పోయినట్లును తోచినది.

ఇది విని "అయితే ఊరివారు చెప్పినది నిజమే" యని ఎవరైన లేచినచో వారిని కూర్చుండుమని వేడుకొందును. 48 కుటుంబములు చిన్న లెక్క. మరల మరల చూడవలసిన లెక్క. ఆ గుర్తులున్న మనుమలు రోగులని ఆ పత్రము చెప్పలేదు. ఆ గుర్తుల వలన హాని కలుగునో, మేలు కలుగునో, ఏమియు కలుగదో తేలవలసియున్నది. అన్నిటికంటె ముఖ్యము, గుర్తు వచ్చినది వంశదోషము వలన కాదు, సైన్యము చేసిన పని వలన. అప్పు చేసినవా డొకడు, పత్రము వ్రాయబడినది మరియొకని పేర. అట్టి పత్రమును చూపి ఆడపిల్ల పెండ్లి తప్పించుట ఏ ధర్మశాస్త్రము? పరీక్షిత్తు కుమారుడు జనమేజయుడు సర్పయాగము చేసి వేల పాములను కాల్చినాడు. అతని కోపము అస్త్రపు గుర్తు వలన వచ్చినదా, ఉదంకుడు వచ్చి తండ్రి చావును చెప్పి ఎగసన త్రోయుట వలన వచ్చినదా? భారతమును చదివినవారికి రెండవది స్పష్టముగా కనబడును. కథ చెప్పుటలోను వారసత్వము కలదు.

గుర్తులకును పెంపకమునకును నడుమ గీత గీయుట ఎంత కష్టమో ఫిన్లాండు సంగతి చెప్పును. రెండవ ప్రపంచయుద్ధమున ఆ దేశము తన పిల్లలను డెబ్బదివేల మందిని బాంబులనుండి కాపాడుటకై పొరుగు దేశములకు, ముఖ్యముగా స్వీడనునకు, పంపినది. ఎక్కువమంది తల్లిదండ్రులు వెంట లేకయే పోయిరి. ఏండ్ల తరువాత పరిశోధకులు అక్కచెల్లెండ్రను పోల్చి చూచిరి: ఒకతె పంపబడినది, ఒకతె ఇంటనే యుండినది. 2018లో వెలువడిన పత్రము ప్రకారము, పంపబడిన తల్లుల కుమార్తెలు మనోవ్యాధులతో ఆసుపత్రి చేరుట ఇంటనున్న తల్లుల కుమార్తెలకంటె ఎక్కువ. కుమారులలో ఈ తేడా కనబడలేదు. ఇద్దరు తల్లులును తోబుట్టువులే గనుక దీనిని కేవలము వంశమునకు వ్రాయలేము. బాంబులు పడినది ఇంటనున్నవారికి. గాయము మిగిలినది దూరము పోయినవారికి.

లండనులోను ఇదియే కనబడినది. 1940-41లో నగరముపై రాత్రిళ్లు బాంబులు పడుచుండగా అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ అను నిద్దరు స్త్రీలు హాంప్‌స్టెడ్‌లో పసిపిల్లలకు ఆశ్రయములు నడపిరి. తల్లి ఒడిలో బాంబుల చప్పుడు విన్న పిల్లలు కుదురుగా నుండగా, క్షేమమైన పల్లెలకు పంపబడి తల్లిని ఎడబాసినవారు చిక్కిపోవుట వారు చూచిరి. తల్లి వణకినచోట బిడ్డ వణకినది. తల్లి కుదురుగా నున్నచోట బిడ్డ నిద్రపోయినది.

ఈ సంగతి చదివిన దినమున నేను అమ్మమ్మ యొద్దకు పోయి అడిగితిని. అప్పటికామెకు మంచము విడువ లేని స్థితి. "అమ్మమ్మా, ఆ నడకలో చిన్నతాత ఎప్పుడైన మీనుంచి తప్పిపోయాడా?" ఆమె చాలసేపు మాటలాడలేదు. ఎన్నడును కథలో చెప్పని సంగతిని అప్పుడు చెప్పినది. టౌంగపు రేవులో పడవలు తక్కువ, జనము ఎక్కువ. తొక్కిసలాటలో తమ్ముడు వేరొక పడవలో పడినాడు. అందున్నవారు ఎవ్వరో, వారి భాష ఏమో. తిరిగి దొరకుటకు పదునొకండు దినములు పట్టినది. ఆ పదునొకండు దినములు ఆరేండ్ల పిల్లవాడు ఎవరి యొద్ద తిన్నాడో, ఎవరి ప్రక్క పడుకొన్నాడో ఎవరును ఎరుగరు; ఆయన చెప్పలేదు. "వాడి చెయ్యి నా చేతిలోనే ఉందిరా నాయనా. నేనే వదిలేశాను. వాడు పిరికోడు కాడు" అని ఆమె గోడవైపు తిరిగినది.

ఒకే త్రోవ యని ఇంతకాలము అనుకొంటిమి. రెండు త్రోవలు. లెక్కలో పదునొకండు దినముల పద్దు వ్రాయకుండ వదలి, కూడిక తేలలేదు గనుక తేడాను వంశము క్రింద వేసితిమి. ఇట్టి సర్దుబాటును ఏ తనిఖీ అధికారియు ఒప్పుకొనడు. అట్లని వంశమునకు ఏ పాలును లేదని నేననను. అమ్మమ్మ యా దినములలో తప్పిపోయి యున్నచో ఆమెయు ఆయనవలె అయ్యెడిదా? చెప్పలేను. స్వభావముచే ఆమె తుమ్మచెట్టు, ఆయన తమలపాకు అయియుండవచ్చును. ఆ పద్దు వేరు, ఈ పద్దు వేరు. రెండును వ్రాయవలెనని మాత్రమే నా వాదము. చిన్నతాత కుమార్తెకు ఈ సంగతి చెప్పితిని. ఆమె ఏమియు అనలేదు. మరునాడు వచ్చి ఆ రేవు పేరు మరల అడిగి, కాగితముపై వ్రాయించుకొని పోయినది.

జ్ఞాపకముంచుకొనుడని చెప్పిన రనా దజానీగారి సంగతి మిగిలినది. హమా మనుమల జన్యువులపై గుర్తులు వెదకిన ఆమెయే, అంతకు పెక్కేండ్లకు ముందు, 2006లో, జోర్డాను రాజధాని అమ్మానులో తమ పేటలోని మసీదున చుట్టుప్రక్కల పిల్లలను కూర్చుండబెట్టి కథలు చదువ నారంభించిరి. "వుయ్ లవ్ రీడింగ్" అని దానికి పేరు. పెద్ద భవనము లేదు, జీతములు లేవు. పేటలోని ఒక స్త్రీకి కథను బిగ్గరగా, రసముగా చదువుట నేర్పుదురు; ఆమె తన పేట పిల్లలకు వారి భాషలో చదువును. ఇది శరణార్థి శిబిరములకును పెక్కు దేశములకును ప్రాకినది. 2017లో యునెస్కోవారి కింగ్ సెజాంగ్ అక్షరాస్యతా బహుమానము దీనికి వచ్చినది. జన్యువులను చదువనేర్చిన విదుషి బిడ్డల కొరకు ఎన్నుకొన్న పని ఇది. పరీక్షిత్తు సైతము తన కడపటి ఏడు దినములు గంగయొడ్డున కూర్చుండి శుకుని నోట కథ విన్నాడు.

మన గ్రంథాలయము తెరచిన తరువాత చిన్నతాత మధ్యాహ్నములు అరుగుమీద కూర్చుండి, ఎవరైన పత్రిక చదువుచుండగా వినెడివాడు. ఆయనకు అక్షరములు కొద్దిగనే వచ్చును. ఒక దీపావళినాటి సాయంకాలము ఆయన పాకకు బయలుదేరగా, అప్పటి మన గ్రంథపాలకుడు పిలిచి లోపల కూర్చుండబెట్టి, తలుపులు, కిటికీలు మూసి, టపాకాయల చప్పుడు సద్దుమణుగువరకు కథలు చదివినాడు. ఆయన ఈ సభలోనే యున్నారు. పేరు చెప్పిన నొచ్చుకొందురు గనుక చెప్పను. ఆ పిమ్మట చిన్నతాత పోవువరకు, ఏ దీపావళికిని ఆయన పాకకు పోలేదు.

ఆయన పోయిన తరువాత ఆ రాత్రి గ్రంథాలయము మూయబడుచున్నది. ఊరిలో చప్పుడునకు జడియు పిల్లలు ఇద్దరు ముగ్గురు నాకు తెలిసియే కలరు; తెలియనివారు ఎందరో. దీపావళినాడు సాయంకాలము ఆరు గంటలనుండి పది గంటల వరకు తలుపు తాళము తీసి యుంచవలసినదిగా కార్యవర్గమువారిని కోరుచున్నాను. చదువుటకు నేను వత్తును.